పుస్తకంలో లేని పేరు

చౌటుప్పల్ దగ్గరి ఊళ్లో, ఆగిపోయిన మగ్గం పక్కన ఆమె రాట్నం మీద నూలు కండెలు చుడుతోంది. 1963వ సంవత్సరం. డాక్యుమెంటరీ తీయడానికి పట్నం నుంచి వచ్చిన యువకుడు ఎదురుగా కెమెరా నిలబెట్టి, ఒక తెల్లదొర పదేళ్ల కిందట రాసిన ఇంగ్లీషు పుస్తకంలో ఆమె పెనిమిటి ఫోటో చూపించాడు.

“దీని కింద ఏం రాసిండు బిడ్డా, గా తెల్లదొర?”

“‘పేరు తెలియని నేతగాడు. ఈ జనంలో భార్యలకు భర్తల పేర్లు కూడా తెలియవు’ అని రాశాడమ్మా.”

రాట్నం ఆగింది.

“ఆర్నెల్లు మా వాకిట్ల కూసున్నడు. మా తలకాయలు కొలిచిండు, ముక్కులు కొలిచిండు. పెనిమిటి పేరు ఆడిది నోటితోని అనదని మాత్రం తెల్సుకోలే. నన్నడిగితే తల వంచుకున్న. గంతే, తెల్వదని రాసుకున్నడు.”

“ఇంకెవరినీ అడగలేదా?”

“ఆయన ఆడనే మగ్గం మీదున్నడు. ఆయన్నే అడగొచ్చు గదా.”

“ఇప్పుడు మీరు చెప్పండమ్మా. ఆ పుస్తకానికి జవాబుగానే ఈ సినిమా తీస్తున్నాను.”

“మిషిను నడుస్తాందా?”

“నడుస్తోంది.”

ఆమె కొంగు తల మీదికి లాక్కుంది. ఆయన పోయిన నాడు ఏడ్చిన ఏడుపులో కూడా ఆ పేరు రాలేదు.

“గండయ్య. ఆయన పేరు గండయ్య.”

“బాగా వచ్చిందమ్మా. ఇంకొక్కసారి అంటారా? ముఖం దగ్గర నుంచి తీస్తాను.”

“అనను. నీ సినిమా కోసం అన్న అనుకున్నవా? ఆయన కోసం అన్న.”