ముందు పండ్ల సందు

ఆళ్లగడ్డలో ఇరవై ఏళ్లుగా దేవుళ్ల విగ్రహాలు చెక్కుతున్న శిల్పి, తాను రాసిన మాయాలోకపు నవలకు తానే బొమ్మలు గీసి భార్య ముందు పరిచాడు. రేపు వాటిని నంద్యాల ప్రెస్సుకు ఇవ్వాలి.

“ఏందీ, ఈ మంత్రగాడు గూడా రాముని మాదిరే చల్లగా నవ్వుతాండాడు?”

“చెయ్యి ఆ కొలతలకే అలవాటు పడింది మే. ఇంగో ముఖం రాదు.”

“పోనీలే. రెక్కల గుర్రమెక్కిన ఈ పిల్ల, జరంతో పోయిన మన పాపేనా?”

“దాని కోసమే గదా కథంతా రాసింది.”

“దానికి ముందు పండ్లు రెండూ ఊడిండె. నోరంతా తెరిచి నవ్వేది. ఆ సందు యాడ?”

అతను పెన్సిల్ కింద పెట్టేశాడు.

“మేం చెక్కే అమ్మవార్లకు పండ్లు కనపడనీము మే. పదిసార్లు గీసినా. గీసినప్పుడల్లా నా చెయ్యే పాప నోరు మూసేస్తాంది.”