ఉడుము తోళ్లకు నేను రాసిన కాయితం

“దాదీ, తాత తోళ్ల యాపారం చేసేటోడంట గదా. ఎందుకు బందు వెట్టిండు?”

బందు వెట్టలే బిడ్డా, పెట్టిచ్చిన్రు. కాదు, నేనే పెట్టిచ్చిన అనుకో. ఇను.

నా షాదీ అరవై తొమ్మిది తెలంగాణ గొడవలల్ల అయింది. రైళ్లు నడుస్తలేవు. మా అన్న నర్మెట్ట నుంచి ఎడ్ల కచ్చురంల రెండు దినాలు తోల్కచ్చి, ఈ మానుకోటల నన్ను దింపిపోయిండు. గప్పుడు రూపాయికి కిలో బియ్యం అచ్చేటివి, సూడు. ఏం చెప్తున్న... ఆఁ, మీ తాత భూపాలపల్లి దిక్కు అడివికి పోయి ఉడుము తోళ్లు కొనుక్కచ్చేటోడు. ఉప్పు రాసి, చెక్కలకు మేకులు గొట్టి నీడకు ఆరవెట్టేది నేను. రైలుకేస్తే మద్రాసు పోయేటివి, ఆడికెళ్లి ఓడల మీద బయటి దేశాలకు. దొరసానులు సంచులు కుట్టిచ్చుకునేటోళ్లంట. నాకైతే గా వాసనకు బువ్వ పోకపోయేది.

ఇగ కొన్నేండ్లకు కొత్త కానూను అచ్చింది. ఎవలింట్ల ఎన్ని తోళ్లున్నయో రాసియ్యాలె, పర్మిటు లేంది దేశం దాటొద్దు అని. బజార్ల తోళ్లోళ్లందరు నవ్విన్రు. ఒకడు గడ్డివాముల దాచిండు, ఒకడు దొరికిన కాడికి అమ్ముకున్నడు. మీ తాతకు సదువు రాదు. నేను నాలుగు సదివిన, ఇంట్ల కలం పట్టేది నేనే. సగమే రాయమన్నడు. “అబద్ధం నా చేత్తోని రాయ” అన్న. నాలుగు వందల పన్నెండు రాసిన. చినిగినయి గూడ రాసిన, సూడు నా తెలివి.

ఫారెస్టు ఆఫీసోళ్లు అచ్చి ఒక్కొక్క తోలు తోకకు లక్క ముద్ర ఏసిన్రు. మా అర్రలనే వెట్టి, తాళమేసి సీలేసిన్రు. పర్మిటొచ్చేదాక ముట్టొద్దన్నరు. ఉన్నదే ఒక అర్ర, ఒక వసార. ఇద్దరు పిల్లలతోని వసారలనే వండుకున్నం, పండుకున్నం. పర్మిటు ఏడిది? మీ తాత ఆఫీసుకు తిరిగి తిరిగి చెప్పులు అరగదీసిండు. పైకి రాసినం అంటరు, సారు మారిండు అంటరు. ఆఖర్కు ఎగుమతే బందయిందన్నరు. మరి మా అర్ర మాకియ్యిన్రి అంటే, తోళ్లు సర్కారు లెక్కల ఉన్నయి, జర పైలంగ కాపాడు అన్నరు. ఎట్ల కాపాడాలె బిడ్డా, తాళంచెవి ఆళ్లకాడనాయె.

నాలుగేండ్లకు తీసిన్రు. తోళ్లు పురుగువట్టి పిండయినయి. ఎలుకలు తోకలు కొరికితే ముద్రలు రాలిపోయినయి. ముద్ర ఉన్నయే లెక్కవెడితే డెబ్బై తక్కువ. సాటుంగ అమ్ముకున్నవని మీ తాత మీద కేసు వెట్టిన్రు. కోర్టుల నేను రాసిన కాయితమే సూపిచ్చిన్రు. గడ్డివాముల దాచినోడు మిద్దె కట్టిండు. ఇప్పటికి ఆ మిద్దె ముంగటికెళ్లి పోతే నా కడుపు మండుతది.

ఏడేండ్లు వాయిదాలు తిరిగినంక కేసు కొట్టేసిన్రు. గప్పటికే మనిషి సగమయిండు, ఏడాది గూడ బతకలే. నన్ను ఒక్క మాట అనలే బిడ్డా. తిట్టినా మంచిగుండు. “పోనీ తియ్, నువ్వు నిజమే రాసినవ్” అనేటోడు. గదే నన్ను తింటది.

గప్పటి సంది కలం ముట్టలే. పింఛను కాడ ఏలుముద్రే ఏస్త. సదువు రాదా అవ్వా అని అడుగుతరు. రాదనే అంట.

అల్లా నిన్ను సల్లగ సూడాలె బిడ్డా. నీ చేతిరాత నీకు మేలు చెయ్యాలె...