చార్జి లిస్టులో రాయని అట్ట

సభకు అధ్యక్షత వహిస్తున్న మా ప్రధానోపాధ్యాయిని మాణిక్యాంబ గారికి, రైస్ మిల్లు పని పక్కనపెట్టి వచ్చిన విద్యా కమిటీ చైర్మన్ ఉదయభాస్కర్ గారికి, ఇన్నేళ్ళూ నా గొంతు భరించిన తోటి ఉపాధ్యాయులకు, ఊరి పెద్దలకు, కిటికీల దగ్గర నిలబడ్డ పాత విద్యార్థులకు, చాపల మీద కూర్చుని లడ్డూలు ఎప్పుడు పంచుతారా అని చూస్తున్న పిల్లలకు ఈ భాస్కరం నమస్కారాలు.

మాణిక్యాంబ గారు నా గురించి చెప్పినదాంట్లో సగం నిజమైనా, గవర్నమెంటు వాళ్ళు నన్ను ఇంకో పదేళ్ళు ఉంచుకునేవారు. (నవ్వులు.) ఇందాక ఎనిమిదో తరగతి పావని నా గురించి ఇంగ్లీషులో మాట్లాడింది కదండీ, అది వింటూ ఉండగా అలవాటు చొప్పున నా చెయ్యి ఈ సంచీలోకి వెళ్ళింది. ఎందుకు వెళ్ళిందో చెప్పి కూర్చుంటాను.

ముప్ఫయ్యొక్క ఏళ్ళ సర్వీసులో, ఉన్నమాట చెప్పాలంటే, నేను చెప్పింది ఒక్కటే పాఠం. కర్త అతనో, ఆవిడో, అదో అయి ఒక్కరే ఉంటే క్రియ చివర ఎస్ పెట్టు, ఎక్కువమంది ఉంటే తీసెయ్యి. హీ గోస్, దే గో. అంతే. పొద్దున్న చెప్పింది మధ్యాహ్నం భోజనంతోపాటే అరిగిపోయేది. అదిగో, గుమ్మం దగ్గర నవ్వుతున్నాడే, ఆ అప్పారావు ఒకసారి 'మై ఫాదర్ గో' అని రాశాడు. ఎస్ ఏదిరా అంటే, నాన్నగారిని ఒక్కడన్నట్టు రాస్తే మర్యాదగా ఉండదు కదండీ అన్నాడు. (నవ్వులు.) ఆ మర్యాదకు మెచ్చుకోవలసిందిపోయి మెడలో అట్ట వేశాను.

ఆ అట్ట సంగతి తెలియనివాళ్ళు కూడా ఇక్కడ ఉన్నారు. పుస్తకాలు వచ్చిన పెట్టె నుంచి జానెడు ముక్క కోసి, ఎర్ర సిరాతో పెద్ద ఎస్ రాసి, గోతాం పురికొస కట్టాను. ఎస్ మరిచిపోయినవాడి మెడలో అది వేసేవాణ్ణి. ఇంకొకరు తప్పు చేసి దొరికేదాకా అది వాడిదే. లాంగ్ బెల్లు కొట్టేసరికి ఎవరి మెడలో ఉంటే వాళ్ళు ఇంటికి పట్టుకెళ్ళి, మర్నాడు తేవాలి. బదిలీల మీద మూడు ఊళ్ళు తిరిగి మళ్ళీ ఈ బడికే వచ్చాను, నాతోపాటు అదీ తిరిగింది. దాని వల్ల పిల్లలు పాసయ్యారు, కాదనను. నా క్లాసులో సూది పడితే వినిపించేది, తనిఖీకి వచ్చినవాళ్ళు మెచ్చుకుని వెళ్ళేవారు. నేనూ దాన్ని క్రమశిక్షణే అనుకున్నాను.

ఇరవై మూడేళ్ళ కిందట ఒక సాయంత్రం అట్ట వెంకటదుర్గ అనే అమ్మాయితో ఇంటికి వెళ్ళింది. మర్నాడు తిరిగి రాలేదు. పోయిందండీ అంది. సరేలే అని, ఇంటర్వెల్లులో అయిదు నిమిషాల్లో కొత్తది చేసేశాను. ఇంకేమీ అడగలేదు. ఆ సంగతి ఆ పూటే మరిచిపోయాను.

పోయిన నెల వెంకటదుర్గ స్టాఫ్ రూముకి వచ్చింది. ఇప్పుడు మండపేటలో ఒక మిల్లు ఆఫీసులో పనిచేస్తోంది. పావని వాళ్ళమ్మాయే. ముందురోజు సాయంత్రం పావని మెడలో అట్టతో ఇంటికి వెళ్ళింది. వెంకటదుర్గ ఆ అట్ట నా బల్ల మీద పెట్టి, దాని పక్కన ఇంకొకటి పెట్టింది. అంచులు నలిగి, సిరా గోధుమరంగుకి తిరిగింది. ఆ ఎస్ రాసిన చెయ్యి నాదే, వెంటనే గుర్తుపట్టాను.

"పోలేదండి, బట్టల పెట్టెలో అడుగున దాచేశాను. ఇంకెవరి మెళ్ళోనూ పడకూడదనుకున్నానండి. తెల్లారేసరికి మీరు కొత్తది చేశారు" అంది.

కోపంగా అనలేదు. ఆ రోజు తరవాత ఇంగ్లీషులో నోరు తెరవలేదని, రాయమంటే రాస్తానని, ఆఫీసులో ఎవరైనా ఫోనులో ఇంగ్లీషు మాట్లాడితే పక్కవాళ్ళకి ఇచ్చేస్తానని చెప్పింది. పిల్లకి టీసీ ఇప్పించమని కాగితం తీసింది. నెలాఖరుకి నేనే వెళ్ళిపోతున్నానమ్మా, పిల్లని ఉంచు అన్నాను.

"మీరు వెళ్తారండి. ఇది ఉంటుంది కదండీ" అంది.

ఆ రోజు బస్సులో రాజమండ్రి వెళ్ళేదాకా అదే ఆలోచన. వాడొచ్చాడు, అది వచ్చింది, వాళ్ళొచ్చారు. మన తెలుగులో క్రియకి ఇన్ని మార్పులున్నాయి, ఇంగ్లీషులో ఒక్క ఎస్ గుర్తుండదా మీకు అని ఎన్నిసార్లు తిట్టానో. ఆ మార్పులన్నీ మూడేళ్ళ పిల్లలకి కూడా వచ్చు. తప్పు పలికితే ఇంట్లో నవ్వి, సరిగ్గా అని వినిపిస్తారు, మెడలో ఏదీ కట్టరు. ఇంత చిన్న విషయం తట్టడానికి నాకు రిటైర్‌మెంటు దాకా పట్టింది. సిగ్గేసిందండి. (కొంచెం నీళ్ళు ఇవ్వండి.)

నిన్న ఫణిశ్రీ గారికి చార్జి అప్పగించాను. ఇకమీదట ఇంగ్లీషు ఆవిడే చెబుతారు. డిక్షనరీలు రెండు, గోడ చార్టులు పదకొండు, పనిచెయ్యని టేప్ రికార్డరు ఒకటి, బీరువా తాళంచెవి. లిస్టులో అట్ట రాయలేదు. పాతదీ కొత్తదీ రెండూ ఈ సంచీలోనే ఉన్నాయి. ఇంటికి పట్టుకుపోతున్నాను, రేపు తిరిగి తేను. పదమూడేళ్ళ పిల్ల అప్పుడు చేసిన పనే అరవై రెండేళ్ళవాణ్ణి ఇప్పుడు చేస్తున్నాను. ఫణిశ్రీ గారూ, మీకు ఒక్కటే మనవి. రేపు కొత్తది చెయ్యకండి.

అమ్మా వెంకటదుర్గా, మూడో వరసలో ఉన్నావు, కనిపిస్తున్నావు. తప్పు నాదమ్మా. నీ కాగితం మేడమ్ గారి సొరుగులో ఇంకా సంతకం కాకుండానే ఉంది. ఉంచడమో, వెనక్కి తీసుకోవడమో నీ ఇష్టం, నేను అడగను.

పావనీ, నీ ప్రసంగంలో రెండు చోట్ల నా చెయ్యి సంచీలోకి వెళ్ళింది. అవి ఎక్కడో నీకు చెప్పను. మళ్ళీ ఎప్పుడైనా ఈ స్టేజీ మీద మాట్లాడితే కబురు పెట్టు, వచ్చి ఆ చాప మీద కూర్చుని వింటాను.

శాలువా కప్పిన చేతులకు, ఇంతసేపు ఓపిక పట్టిన పిల్లలకు నా కృతజ్ఞతలు. లడ్డూలు పంచండి. సెలవు.