ఉప్పెక్కిన తొట్టి

ఈ సభను నడిపిస్తున్న మా ప్రిన్సిపాల్ రవి కుమార్ గారికి, ముందు వరసలో ఓపిగ్గా కూర్చున్న పెద్దలకు, తోటి అధ్యాపకులకు, పక్కనుంచి భోజనాల వాసన వస్తున్నా ఇంకా కదలని విద్యార్థులకు నమస్కారం. (నవ్వులు)

ఇందాక ప్రిన్సిపాల్ గారు "గోపాలరావు గారికి తెలియని కెమిస్ట్రీ లేదు" అన్నారు. శాలువా కప్పి మరీ అన్నారు కాబట్టి అప్పటికప్పుడు కాదనలేకపోయాను. ముప్ఫై రెండేళ్ళు ఈ నరసరావుపేటలో ద్రావణాల గాఢత గురించి పాఠం చెప్పిన మనిషికి, సొంత ఇంట్లో ఉన్న వంద లీటర్ల ద్రావణం సంగతి తెలియలేదన్న వార్త ఆయన దాకా పోలేదు. ఇవాళ రిటైరవుతున్నాను కాబట్టి చెప్పేసి పోతాను.

మూడేళ్ళ క్రితం నేను ఇంట్లో సముద్రం పెట్టాను. అంటే ఒక గాజు తొట్టి, హైదరాబాద్ నుంచి తెప్పించిన ఉప్పు పొడి, నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న రెండు చేపలు. మా ఆవిడ ఉష, అదిగో, అప్పుడే తల దించుకుంది, "రెండు గంటలు పోతే సూర్యలంక సముద్రముంది గదా, దాన్ని ఇంట్లోకి తేవడం ఏందండీ?" అంది. చివరికి వాటికి మేత వేసిందీ, కబుర్లు చెప్పిందీ ఆవిడే. నేను చేసిందల్లా ఇంటికి వచ్చినవాళ్ళకి ఉప్పు శాతం మీద ఉపన్యాసం ఇవ్వడం.

మార్చి వచ్చింది. మన ఎండల సంగతి మీకు చెప్పాలా? తొట్టిలో నీళ్ళు రోజూ తగ్గేవి. తగ్గినప్పుడల్లా శ్రద్ధగా ఉప్పునీళ్ళు కలిపి పోసేవాణ్ణి. సముద్రం కాబట్టి సముద్రపు నీళ్ళే పోయాలని నా తెలివి. మూడు వారాలకి చేపలు మేత మానేసి ఒక మూలకి చేరాయి. మన ల్యాబ్ నుంచి హైడ్రోమీటరు, అదే, నీళ్ళలో తేలి ఉప్పెంతుందో చూపించే గాజు గొట్టం, పట్టుకుపోయి చూశాను. ఇరవై ఐదు చూపించాల్సింది ముప్ఫై ఐదు చూపించింది.

బుద్ధున్నవాడెవడైనా నీళ్ళను అనుమానిస్తాడు. నేను గొట్టాన్ని అనుమానించాను. మర్నాడు పొద్దున ల్యాబ్‌లో, నలభై మంది పిల్లల ముందు, మన అటెండరు కుల్సుం మీద విరుచుకుపడ్డాను. "సామాను చూసుకోవడం చేతకాకపోతే నీకీ ఉద్యోగం ఎందుకు?" అన్నాను. అవును, ఆ మాటే అన్నాను.

ఆవిడ జాడీలో డిస్టిల్డ్ వాటర్ పోసి గొట్టాన్ని అందులో వదిలింది. సరిగ్గా సున్నా దగ్గర నిలబడింది. అప్పుడు అడిగింది.

"తొట్లో తగ్గినప్పుడు ఏం నీళ్ళు పోస్తన్నారు సార్?"

"ఉప్పునీళ్ళు."

"ఎండకి పొయ్యేది నీళ్ళే గదా సార్, ఉప్పు యాడికి పోద్ది? అది ఆడనే ఉంటది. మీరేమో దాని మీద ఇంకా ఉప్పు పోస్తన్నారు."

పిల్లలు నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

తప్పు ఒప్పుకోవడం మానేసి ఇంటికి పరుగెత్తాను. సగం నీళ్ళు తోడేసి ఒక్కసారే మంచినీళ్ళు పోసేశాను. మధ్యాహ్నానికి ఒక చేప ఒరిగిపోయి తేలింది. ఉష జరిగిందంతా నా దగ్గర రాబట్టి కుల్సుంకి ఫోన్ చేసింది. పొద్దున నా చేత తిట్లు తిన్న మనిషి, సాయంత్రం మా గుమ్మంలో నిలబడింది. వాళ్ళన్న బాపట్ల వైపు రొయ్యల చెరువుల్లో పనిచేస్తాడట.

"గబాల్న మార్చమాకండి సార్, అవి తట్టుకోలేవు. ఇప్పుడు ఉప్పు చానా తగ్గింది. రోజుకి కాస్త కలుపుకుంటా రండి," అంది. గాజు మీద స్కెచ్ పెన్నుతో గీత గీసి, నీళ్ళు దాని కిందకి దిగితే మంచినీళ్ళే పోయాలని ఉషకి చెప్పింది. నాకు కాదు. రెండో చేప బతికింది.

ఈ మూడేళ్ళలో "కుల్సుం, బీకరు", "కుల్సుం, బర్నరు" అని వెయ్యిసార్లు పిలిచాను. అనాల్సిన మాట మాత్రం నోట్లోంచి రాలేదు. లెక్చరర్ని కదా, పాఠమైతే వస్తుంది. (నవ్వులు)

కుల్సుం గారూ, ఆ నలభై మందిలో కొందరు ఇవాళ వచ్చారు, వాళ్ళూ వినాలి. ఆ గొట్టంలో తప్పు లేదు. మీ పనిలో తప్పు లేదు. చేతకానిది నాకు. నన్ను క్షమించండి.

(చివరి వరసలో కుల్సుం లేచి నిలబడింది.)

"ఇన్నాళ్ళూ నాకా కోపం పోలేదు సార్." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇప్పుడు పోయింది. ఇంక కూకోండి, మీకసలే మోకాళ్ళ నొప్పులు."

(నవ్వులు, చప్పట్లు)

కూర్చుంటానమ్మా. నన్నిన్నేళ్ళు భరించిన మీ అందరికీ కృతజ్ఞతలు. సెలవు.