వనజ సొంత జవాబు

సిరిసిల్లలో ఆ రోజు నక్సలైట్ అన్నలు పిలుపిచ్చిన బంద్. లండన్‌లో ఎంబీఏ సీటుకు ఎల్లుండే ఇంటర్వ్యూ. బట్ట నేసే సాంచాల యజమాని కూతురు వనజ ఇంగ్లీషు సారు ముందు కూర్చుని జవాబులు అప్పజెబుతోంది.

"బిజినెస్ ఎందుకు చదువుతవు బిడ్డా?"

"నాయకత్వ లక్షణాలు పెంపొందించుకోవడానికి..."

"అది పుస్తకంల మాట. నీ మాట చెప్పు."

వనజ చేతిలోని పుస్తకం తిరగేసింది. "నా తాన ఏమున్నది సార్?"

"పోయిన బంద్‌ల బేరగాళ్లు రాలే గదా. మీ బట్టంత ఏమైంది?"

"తువ్వాలలుగ కోపిచ్చిన సార్. కోరుట్లల దుబాయి పోయేటోళ్ల ఇండ్లు తిరిగి అమ్మిన. ఇంటికి ఆరు కొన్నరు."

"ఆరెందుకు?"

"ఆడ ఇసుకగాలి, మొకానికి కట్టుకోను పనికి పోయే దినానికొకటి కావాలె అని చెప్పిన సార్."

సారు పగలబడి నవ్వారు. "ఇగ గిదే చెప్పు, ఇంగ్లీషుల."

"తప్పులు వస్తయి సార్."

"తప్పులు నేను దిద్దుత. గా తెలివి మాత్రం నేను నేర్పలేను."

వనజ పుస్తకం మూసి, నవ్వుతూ మొదలుపెట్టింది.