ముందు వరసలో అమ్మ

విరుదునగరులో నాటకం ఆడి వారమైంది. కోవిల్‌పట్టి బస్టాండు దగ్గరి టీ అంగడిలో, ఆ నాటకం రాసిన అమ్మాయి, ఆమెకు రాయడం నేర్పిన మాస్టారు ఎదురెదురుగా కూర్చున్నారు.

"కొత్త నాటకం యాడుందమ్మా?"

"రాయలేదు సార్. ఇంట్లో వినేదానికి ఏమీ లేదు."

"మీ అమ్మ ఉంది కదా. అగ్గిపెట్టెలకు కాగితాలు అంటిస్తా మాట్లాడతానే ఉంటుందని చెప్పినావే."

"ఇప్పుడు మాట్లాడదు. నాటకానికి అమ్మను నేనే పిలుచుకొని వచ్చి ముందు వరసలో కూర్చోబెట్టినాను సార్."

"తెలుసు."

"'సామీ, రేపు నన్ను లేపొద్దు' అని పండుకొనేటప్పుడు అమ్మ దేవునితో అనే మాట. నాటకమంతా అరవంలో పోతా ఉంటే అదొక్కటే తెలుగులో వచ్చింది. అందరూ నవ్వినారు."

"అట్లే పెట్టమని చెప్పింది నేనే."

"నేను అరవంలోనే రాసుకొని వచ్చినాను సార్."

"అవును. దాన్ని కొట్టేసి, ఇంట్లో మాట్లాడేది మాట్లాడినట్టే రాయమన్నాను."

"మీరు కూడా నవ్వినారు."

"జనం నవ్వితే నాటకం పండిందనుకున్నానమ్మా. మీ అమ్మ పక్కన కూర్చొనే నవ్వినాను."

"అమ్మ మిమ్మల్నే చూసింది."

"నేను ఇంటికొస్తాను. తప్పు నాదని చెప్తాను."

"వద్దు సార్. అరవంలో మర్యాదగా మాట్లాడి, కాఫీ ఇచ్చి పంపిస్తుంది. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ మేస్త్రీతో మాట్లాడినట్టు."

"నీతో?"

"పొద్దున సంగటి పెట్టింది. ఎప్పుడూ 'తినవే' అంటుంది. ఈ రోజు అరవంలో 'సాప్పిడు' అనింది."