మాలు రాయని ఇటుక

కూర్చోవయ్యా కిరణ్ కుమారూ, ఆ తాపీ కాసేపు కింద పెట్టు. ఇటుకలు ఇంకా నీళ్ళు తాగాలి కదా. తాగేశాయా? తాగితే ఇంకాస్త తాగుతాయి, నష్టమేముంది. టీ కొట్టుకి చెప్పాను, వస్తుంది. మావాడు గణేష్‌బాబు నీకు ఫోన్లో ఏం చెప్పాడో నాకు తెలుసులే. పదకొండున్నరకి ముహూర్తం, ఆ టైముకి ఈ నైరుతి గుమ్మంలో మొదటి ఇటుక పడాలి, అమ్మ ఆస్పత్రి నుంచి వచ్చేసరికి ఇక్కడ గుమ్మం ఉండేదన్న ఆనవాలు కూడా ఉండకూడదు. అంతేనా? నాకూ అదే చెప్పాడు. ఎవరో సిద్ధాంతిగారట, మన ఊరి మొహం కూడా చూడలేదు, ఇంటి ప్లాను వాట్సాప్‌లో పంపితే వేలు పెట్టి చూపించాడట, ఇదిగో ఇక్కడుంది మీ అమ్మగారి గుండెజబ్బు అని. వీడు నమ్మాడు. నమ్మక ఏం చేస్తాడు, గోరుచుట్టు మీద రోకటిపోటులా గడిచింది ఈ ఏడాది. శ్లాబు పెచ్చులూడి సరిగ్గా నా మంచం మీద పడింది, నేను లేచి అప్పుడే మొహం కడుక్కుంటున్నాను కాబట్టి సరిపోయింది. బోరు మోటారు రెండుసార్లు కాలింది. కోడలికి థైరాయిడ్. ఆఖరికి మా ఆవిడ పాపాయికి ఇది. తొమ్మిది రోజులైంది, ఈ గుమ్మంలోంచే స్ట్రెచర్ మీద పట్టుకెళ్ళారు రాజమండ్రికి. స్టెంటు వేశారు. ఇవాళ పంపించేస్తామన్నారట. ఒంటిగంటకల్లా ఇంట్లో ఉంటుంది. అంచేత తొందరేం లేదు, కూర్చో.

ఆ టప్ టప్ ఏంటనా? వంటింట్లో కుళాయి. వాషర్ పోయి మూణ్ణెల్లయింది. పాపాయి ఒక్కతే కట్టగలదు దాన్ని, ఎడమ చేత్తో కాస్త పైకెత్తి, పాతగుడ్డ వేసి మెలిపెడుతుంది. నేను మెలిపెడితే ఇంకా ఎక్కువ కారింది. తొమ్మిది రోజులుగా పగలూ రాత్రీ ఇదే పాట. ప్లంబర్ని పిలుస్తానంటే నిన్న ఫోన్లో వద్దంది. మీరేం ముట్టుకోకండి, నేనొచ్చి చూసుకుంటాను, అంది. గొంతు బాగానే ఉంది. కోడలూ కొడుకూ ఇద్దరూ అక్కడే ఉన్నారు, లోపల ఎవరూ లేరు, ఉన్నదంతా నేనూ కుళాయీ.

మీ తాత ఏసుపాదం మేస్త్రి అయితే ఈపాటికి తాపీ సంచిలో వేసుకుని వెళ్ళిపోయేవాడు. నవ్వకు. నీకేం తెలుసు మీ తాత గురించి, నీకు ఊహ తెలిసేసరికి చర్చి మెట్ల మీద కూర్చుని చుట్ట కాల్చుకునే ముసలాయన. మా వయసప్పుడు మండపేట నుంచి ఇటు కాలవ చివరిదాకా ఆయన్ని గుమ్మాల ఏసుపాదం అనేవాళ్ళు. మన వైపు జనం సంగతి తెలిసిందే కదా, జ్వరం వస్తే మాత్ర వేసుకోరు, గుమ్మం మారుస్తారు. ఒకాయన కీళ్ళనొప్పులకి మూడు గుమ్మాలు మార్చాడు, నొప్పులు పోలేదు సరికదా, ఇంట్లోకి ఎటునుంచి వెళ్ళాలో చుట్టాలకి అర్థమయ్యేది కాదు. ఆ పనులన్నీ మీ తాతవే. వాస్తు మీద ఆయనకి నమ్మకం లేదు, ఆదివారం తప్పకుండా చర్చికెళ్ళే మనిషి. కానీ ఒక పట్టు ఉండేది. పాత గుమ్మం మూసేముందు ఇంట్లో మనుషులందరూ ఆ గుమ్మంలోంచే బయటికెళ్ళి, చుట్టూ తిరిగి కొత్త గుమ్మంలోంచి లోపలికి రావాలి. చంటిపిల్లల్ని ఎత్తుకుని రావాలి. కుక్కని కూడా తిప్పించేవాడు. తలుపు పక్కన నించుని వేళ్ళ మీద లెక్కపెట్టుకునేవాడు. అందరూ వచ్చేసినట్టేనాండి, ఎవరన్నా ఊరెళ్ళారాండి, అని రెండుసార్లు అడిగేవాడు. ఎవరైనా ఊళ్ళో లేకపోతే వాళ్ళొచ్చేదాకా పని ఆపేసేవాడు. ఏం ఏసుపాదం, ఇది మీ బైబిల్లో ఉందా అని మా నాన్న ఏడిపించేవాడు. బైబిల్లో లేదండి, మా నాన్న చెప్పాడండి, ఎళ్ళినోళ్ళు ఎళ్ళిన దారే ఎతుక్కుంటారండి, అనేవాడు. 

ఎనభై ఆరు వరద అయ్యాక మా అమ్మకి జబ్బు చేసింది. చిట్టెమ్మ, ఇంతే ఉండేది మనిషి, నా భుజం దాకా రాదు. ఆడవాళ్ళ జబ్బు, నెలల తరబడి రక్తం పోయింది, ఎవరికీ చెప్పలేదు. అప్పటికి మా నాన్న పోయి రెండేళ్ళు. రాజమండ్రి తీసుకెళ్ళడానికి కారు మాట్లాడాం. అప్పుడు వంటింటి పక్కన దక్షిణం గుమ్మం ఉండేది, ఆవిడ పొద్దస్తమానం ఆ గడప మీదే కూర్చుని బియ్యం ఏరేది. ఆ గుమ్మంలోంచే నడిపించుకుంటూ తీసుకెళ్ళాం. ద్వారబంధం పట్టుకుని ఒక్క నిమిషం ఆగి, వెళ్ళొస్తాను రా బంగార్రాజూ, అంది. ఆస్పత్రిలో పెట్టిన నాలుగోరోజు సిద్ధాంతి కబురు పంపాడు, ఆ దక్షిణం గుమ్మం మూస్తేగానీ మీ అమ్మ మంచం దిగదు, తూర్పు గుమ్మం తెరవండి అని. బస్సెక్కి వచ్చి మీ తాతని పిలిపించాను. తూర్పున కొత్త గుమ్మం రెండురోజుల్లో నిలబెట్టాడు. పాతది మూయమంటే మాత్రం తల గోక్కుంటూ నించున్నాడు. అమ్మగారు రావాలి కదండీ, అన్నాడు. కొత్త గుమ్మంలోంచి వస్తుందిలే అన్నాను. ఆవిడకి తెలీదు కదండీ, అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నీకు పని కావాలా కబుర్లు కావాలా, లేకపోతే ఇంకో మేస్త్రిని చూసుకుంటానన్నాను. పొగరు, భయం, రెండూ కలిస్తే నోరు అలాగే లేస్తుంది. మూశాడు. ఒక్క ఇటుకకి మాత్రం మాలు రాయలేదు, సిమెంటు ముద్ద అంటనీయలేదు. మా అమ్మ చెయ్యి ఆనేంత ఎత్తులో పొడిగా దూర్చాడు. దీనికి అమ్మగారు వచ్చాక రాస్తానండి, అన్నాడు.

మూసిన మూడోరోజు అమ్మ పోయింది. బయట పోయిన మనిషిని గడప దాటించి లోపలికి తీసుకురాకూడదన్నారు పెద్దలు, వాకిట్లో తాటాకు పందిరి కిందే పడుకోబెట్టాం. అక్కణ్ణించే తీసుకెళ్ళిపోయాం. ఇంట్లోకి రానేలేదు.

ఉండు, కుర్చీ ఇటు లాక్కోనీ, దారికి అడ్డంగా కూర్చున్నట్టున్నాను. ఎవరూ లేరులే. ఎవరో జరగమన్నట్టనిపించింది, అంతే. ముసలితనం. టైమెంతయింది? పదీ ఇరవయ్యా. చూశావా, ఇంకా బోలెడంత టైముంది.

ఆఁ. పెద్దకర్మ అయిన మర్నాడు పొద్దున్నే పాపాయి పిలిచింది. ఆ పొడి ఇటుక రెండు వేళ్ళ మందం బయటికి వచ్చి ఉంది. ఎలకలు అన్నాను, లోపలికి తోసేశాను. నాలుగురోజులాగి మళ్ళీ వచ్చింది. తోసినప్పుడు చూస్తే లోపలి కొస తడిగా ఉంది, వాన లేదు ఏం లేదు. తర్వాత బయట గోడ చూపించింది పాపాయి. కర్మకని కొత్తగా వేయించిన సున్నం. చేత్తో పామినట్టు, బెత్తెడు వెడల్పున, ఇటుక ఉన్న చోట మొదలుపెట్టి గోడ మూలదాకా అరిగిపోయింది. గోడ పట్టుకుని తడుముకుంటూ నడిచేవాళ్ళ చెయ్యి రాసుకుంటే ఎలా ఉంటుంది, అలా. మూల దగ్గరికెళ్ళి ఆగిపోయింది. మూల తిరిగితే తూర్పు గుమ్మం. గేదె రాసుకుని ఉంటుందన్నాను. గేదె ఇంత ఎత్తులో ఎందుకు రాసుకుంటుందండీ, అత్తయ్యగారు ఇంటి చుట్టూ తిరుగుతున్నారు, ఒక్కరోజు ఆ గుమ్మం పగలగొట్టించండి, అని ఏడ్చింది. మీ తాత కూడా వచ్చి చూశాడు, ఒక్క పూట తీద్దామండి, కూలి వద్దండి, అన్నాడు. నేను వినలేదు. జనం నవ్వుతారని. సిద్ధాంతి ఏమంటాడోనని. ఇప్పుడు ఆ సిద్ధాంతీ లేడు, ఆ నవ్వే జనమూ లేరు.

మీ తాత ఏం చేశాడో చెప్తాను విను. క్రిస్మస్ ముందు మీ ఇంటికి సున్నం వేసుకునేవాడు కదా, మిగిలిన సున్నం డబ్బాతో తెచ్చి మా గోడ మీద ఆ అరిగిన చోట పూసేవాడు. నేను పిలవలేదు, ఆయన అడగలేదు. పూసి, ఆ చార ఎక్కడ ఆగిందో అక్కడికి ఒక మూర అవతల నించుని, తాపీతో గోడ మీద చిన్నగా కొట్టేవాడు. అమ్మగారండీ, ఇటండి. ఇంకొంచెం ఇటండి. కింద రాయుందండి, చూసుకుని రండి. అలా వెనక్కి వెనక్కి నడుచుకుంటూ పిలిచేవాడు, చూపు ఆననివాళ్ళని తీసుకొస్తాం చూడు, అలా. పట్టపగలు. నేను అరుగు మీద కూర్చుని పేపరు చదువుతున్నట్టు నటించేవాణ్ణి. మళ్ళీ ఏడాదికి చూస్తే ఆ చార మూర ముందుకొచ్చి ఉండేది. మూల తిరగడానికే నాలుగేళ్ళు పట్టింది. మొత్తం పదకొండేళ్ళు, ఏడాదీ తప్పలేదు. పదకొండో ఏడు చూస్తే చార తూర్పు గుమ్మం ద్వారబంధం దాకా వచ్చి ఆగింది. మీ తాత సున్నం పూయలేదు. గుప్పెడు మాలు కలుపుకొచ్చి, ఆ ఇటుక బయటికి తీసి, మాలు రాసి మళ్ళీ పెట్టేశాడు. అదే ఆఖరు, మళ్ళీ కదల్లేదు. వెళ్ళిపోతూ తూర్పు గుమ్మం దగ్గర ఆగి, వందనాలండి, అన్నాడు. నాక్కాదు. నా భుజం పక్కనుంచి వంటింటి వైపు చూసి అన్నాడు.

పదకొండేళ్ళు, కిరణూ. ఎండలో వానలో మా అమ్మని నా ఇంటి బయట నిలబెట్టాను. కూలివాడని నేను కసిరిన మనిషి ఆవిడ్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఆయన పోయినప్పుడు మీ ఇంటికొచ్చాను కదా, ఈ మాట మీ నాన్నతో చెబుదామనే వచ్చాను. దండ వేసి వచ్చేశాను, అంతే.

అందుకే కూర్చోమంటున్నాను. ముహూర్తం పోతే పోనీ, గణేష్‌బాబు తిడితే నన్ను తిట్టమను. పాపాయి ఈ గుమ్మంలోంచి వెళ్ళింది, ఈ గుమ్మంలోంచే రావాలి. కాసేపు కూర్చున్నాక నెమ్మదిగా చుట్టూ తిప్పి తూర్పు గుమ్మంలోంచి తీసుకొస్తాను, అప్పుడు నీ ఇష్టం, నువ్వు కోటలే కట్టుకో. ఆవిడ బయట ఉండగా మూస్తే నాకు మీ తాతలాగా పిలవడం రాదు. నలభై ఎనిమిదేళ్ళ కాపురంలో పేరు పెట్టి గట్టిగా పిలిచింది కూడా లేదు. ఒసే, ఇదిగో, ఎక్కడున్నావ్, అంతే. డెబ్భై నాలుగేళ్ళు నాకు, పదకొండేళ్ళు ఎక్కణ్ణించి తేను.

నా ఫోనేనా మోగేది? ఆ సంచీలో ఉంది, ఇటివ్వు. వాడే. బయల్దేరి ఉంటారు.

ఆఁ, చెప్పు గణేషూ. ఊఁ. నెమ్మదిగా చెప్పు, ఏడవకు, నాకర్థం కావట్లేదు. బట్టలు మార్చుకుని కూర్చుందా. కూర్చుని. ఊఁ. డాక్టరున్నాడా. ఎప్పుడు?

పదీ ఇరవైకా.

లేదు, నేను బానే ఉన్నాను. పక్కన కిరణున్నాడు. మీరు రండి. జాగ్రత్తగా రండి.

ఈ ఫోను అక్కడ పెట్టు బాబూ. ఏం లేదు. కూర్చో, నువ్వు లేవకు.

కుళాయి చప్పుడు లేదేంటి. ఇందాకటిదాకా ఉంది కదా. నువ్వు గానీ లోపలికెళ్ళి కట్టావా? లేదులే, నువ్వు ఇక్కడే ఉన్నావు. నేను కుర్చీ జరిపినప్పుడు ఉందా? జరిపాక విన్నావా?

మాలు కలుపుకో కిరణూ. పదకొండున్నర కాలేదు కదా ఇంకా. అన్ని ఇటుకలకీ రాసెయ్యి, పొడిది అక్కర్లేదు. వచ్చేసింది.